మా బిడ్డను అమెరికా పంపిన కన్సల్టెన్సీకి ఒక్క స్టార్ ఎందుకిచ్చిన

మొదలు ఆన్‌లైన్ రివ్యూల మూడు లైన్లే రాసిన. పైసలు కట్టించుకునేటప్పుడు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసినోళ్లు ఆపద వచ్చినప్పుడు ఎత్తలేదని, ఎత్తినంక ధైర్యం చెప్పకపోగా భయపెట్టిన్రని, అందుకే ఒక్క స్టార్ అని. మూడో రోజే వాళ్ల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, తీసెయ్యుమని. తీసెయ్యలే. మూడు లైన్లతోని చదివినోళ్లకు ఏం తెలుస్తది అనిపించి ఇప్పుడు మొత్తం రాస్తున్న. వాళ్ల పేరు మాత్రం ఇక్కడ పెట్టను. వినియోగదారుల కమిషన్‌కు కాగితాలు తయారైతున్నయి, అందాక పేరు రాయొద్దని వకీలు సాబ్ చెప్పిండు. హనుమకొండల మెయిన్ రోడ్డు మీద ఉంటది, మెట్లెక్కి పోవాలె. అసొంటివి మన ఊళ్లె గల్లీకొకటి ఉన్నయి కాబట్టి నేను రాసేది వాళ్లందరికీ వర్తిస్తది.

నేను ఆర్టీసీల 31 ఏండ్లు కండక్టర్ పని చేసి రిటైరైన. ఎక్కువ కాలం హనుమకొండ–కరీంనగర్ రూటు, కొన్నేండ్లు ములుగు, ఏటూరునాగారం దిక్కు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నబిడ్డ బీటెక్ ఆఖరు సంవత్సరంల ఉన్నప్పుడు, 2021 దసరా అయినంక, ఆమెను తీసుకొని ఆ ఆఫీసుకు మొదటిసారి పోయిన.

ముందు మంచి చెప్త. గోడ నిండ పాస్‌పోర్టు పట్టుకొని నవ్వే పిల్లల ఫోటోలు, టేబుల్ మీద చిన్న చిన్న జెండాలు, ఏసీ, చల్లటి నీళ్లు, అన్నీ ఉన్నయి. మాకు ఇచ్చిన కౌన్సెలర్ మా బిడ్డకన్న రెండేండ్లే పెద్దది. ఆ పిల్ల నిజంగ కష్టపడ్డది. ఎందుకు చదువుతున్న, ఏం చదువుత అని రాసే ఎస్ఓపీని మా బిడ్డతోనే మూడుసార్లు రాయించింది, ఎవరిదీ కాపీ కొట్టనియ్యలే. వీసా ఇంటర్వ్యూకు ప్రాక్టీసు పెట్టినప్పుడు "మీ నాన్న ఏం చేస్తరు" అనే ప్రశ్న దగ్గర మా బిడ్డ ఆగిపోయింది. ప్రభుత్వ ఉద్యోగి అనాల్నా, కండక్టర్ అనాల్నా అని. "కండక్టర్ అనే చెప్పు, ఎన్నేండ్ల సర్వీసో కూడ చెప్పు, గొంతు తగ్గించకు" అన్నది ఆ కౌన్సెలర్. పక్క కుర్చీల నేనున్న. ఆ మాట నేను మరిచిపోను. 2022 ఎండకాలంల బేగంపేట పైగా ప్యాలెస్‌ల, అప్పట్ల కాన్సులేట్ అక్కడనే ఉండె, మా బిడ్డ అట్లనే చెప్పింది, వీసా వచ్చింది. ఆ పిల్ల తర్వాత ఆ ఉద్యోగం మానేసిందట. ఎక్కడున్నా చల్లగుండాలె.

ఇగ పైసల సంగతి. బోర్డు మీద "ఉచిత కౌన్సెలింగ్" అని ఉంటది. డాక్యుమెంటేషన్ కింద 48,000 కట్టిన. రసీదు అడిగితే వాట్సాప్‌ల "రిసీవ్డ్ అంకుల్" అని మెసేజ్ పెట్టిన్రు. మళ్లా అడిగిన. సిస్టమ్ల ఉంటదంకుల్, మీకెందుకు అన్నరు. నేను 31 ఏండ్లల టికెట్ చింపకుండ ఒక్క రూపాయి తీసుకోలే. అప్పుడే లేచి రావాల్సింది. బిడ్డ మొఖం చూసి కూసున్న. ఇల్లు బ్యాంకుల పెట్టి 30 లక్షల లోన్ తీసుకున్నం.

పోయే ముందు ఒక ఆదివారం తల్లిదండ్రులను, పిల్లలను కూసోబెట్టి ఓరియెంటేషన్ అని పెట్టిన్రు. రెండు గంటలు. ఒక్కొక్క సూట్‌కేసు 23 కిలోలు, కుక్కర్ ఎట్ల సర్దాలె, పచ్చడి ఎట్ల ప్యాక్ చెయ్యాలె, మందులకు చీటీ ఎట్ల రాయించాలె, సిమ్ ఎక్కడ కొనాలె. అన్నీ పనికొచ్చేటియే. ఆఖర్న నేను లేచి ఒక ప్రశ్న అడిగిన. "అక్కడ పోలీసులు ఆపితే పిల్లలు ఏం చెయ్యాలె? ఎవరికి ఫోన్ చెయ్యాలె?" ఎండీ సార్ నవ్విండు. "మన పిల్లలకు ఆ అవసరమే రాదంకుల్, మంచి పిల్లలు కదా" అన్నడు. హాల్ల అందరు నవ్విన్రు. నేను కూసున్న.

అవసరం వచ్చింది.

మా బిడ్డ చదివింది జార్జియా రాష్ట్రంల, అట్లాంటా దిక్కు. అక్కడ మన పిల్లల డ్రైవింగ్ లైసెన్సు గడువు చదువు కాగితాల గడువుతోని ముడిపడి ఉంటది. ఐ-20 అనే ఆ కాగితం తారీఖు అయిపోతే లైసెన్సు కూడ అయిపోతది. 2024 మే నెలల ఎంఎస్ అయింది. తర్వాత పని చేసుకోనిచ్చే ఓపీటీ కార్డు ఆలస్యంగ వచ్చింది, లైసెన్సు ఆ సందుల అయిపోయింది. ఒక ఆదివారం కూరగాయలకు పోయి వస్తుంటే పోలీసు ఆపిండు. గడువు దాటిన లైసెన్సుతోని బండి నడపడం అక్కడ చిన్నదే అయినా నేరం కిందికే వస్తది, మన దగ్గరలెక్క చలాన్ కట్టి పోయేది కాదు. వేలిముద్రలు తీసుకున్నరు. రెండు నెలలకు కోర్టుకు పోయి కొత్త లైసెన్సు చూపించింది, జడ్జి కేసు కొట్టేసిండు.

ఆ రోజు ఫోన్ల నేను ఒకటే చెప్పిన. "బిడ్డా, కొట్టేసినట్టు కాగితం తెచ్చుకో. సంతకం, ముద్ర ఉన్న కాగితం." "ఇక్కడ అంత ఆన్‌లైనే బాపూ" అన్నది. అయినా తెచ్చుకో అన్న. మళ్లొకసారి కోర్టు కౌంటర్‌కు పోయి, ఫీజు కట్టి ముద్ర కొట్టించిన నకలు తెచ్చుకున్నది.

2025 ఏప్రిల్ 9, రాత్రి మూడు గంటలకు ఫోన్ మోగింది. అక్కడ ముందురోజు సాయంత్రం. యూనివర్సిటీల విదేశీ విద్యార్థుల ఆఫీసు నుంచి మెయిలొచ్చింది, సెవిస్ రికార్డు రద్దయిందని. సెవిస్ అంటే విదేశీ విద్యార్థుల లెక్క పెట్టే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్. అండ్ల పేరు బతికి ఉంటేనే పిల్లలు అక్కడ చదువుడైనా, పని చేసుడైనా. రాసిన కారణం ఏందంటే, నేర రికార్డుల తనిఖీల ఈ వ్యక్తి పేరు దొరికింది, లేదా వీసా రద్దయింది. రెండిట్ల ఏదో కూడ చెప్పలే. తెల్లారి నుంచి ఉద్యోగానికి పోవద్దు. యూనివర్సిటీ రద్దు చెయ్యలే, వాళ్లకే ముందు చెప్పలే. ఐస్ అనే ఇమ్మిగ్రేషన్ శాఖ తానే చేసింది. ఏడుసుకుంట చదివి వినిపించింది. మా ఇంటామె ఫోన్ గుంజుకొని "అన్నం తిన్నవా" అని అడిగింది. ఇంకేం అడగాలె ఆమె.

అంతకు రెండు వారాల ముందే మార్చి 25న మసాచుసెట్స్‌ల టఫ్ట్స్ యూనివర్సిటీల చదివే టర్కీ అమ్మాయిని రోడ్డు మీద పట్టుకున్న వీడియో మా బిడ్డ నాకు పంపింది. మామూలు బట్టలల్ల ఉన్నోళ్లు చుట్టుముట్టిన్రు, మొఖాలకు గుడ్డలు. ఆ పిల్ల చేసిన తప్పల్లా కాలేజీ పత్రికల ఇంకో ముగ్గురితోని కలిసి ఒక వ్యాసం రాయడం. ఆరు వారాలు నిర్బంధంల పెట్టిన్రు, మే 9న జడ్జి చెప్తే ఇడిచిపెట్టిన్రు. ఆ వీడియో చూసిన ఆడపిల్లలు అపార్టుమెంట్ల ఒక్కరే ఉండి తలుపు చప్పుడైతే ఎట్ల వణుకుతరో మీరే ఊహించండి. మా బిడ్డ, ఆమె దోస్తులు ముగ్గురు రికార్డు తిరిగొచ్చేదాక 19 రోజులు కర్టెన్లు తెరవలే.

ఇగ కన్సల్టెన్సీ. పొద్దుగాల తొమ్మిదిన్నరకే పోయి మెట్ల మీద కూసున్న. కొత్త పిల్లలున్నరు, సెవిస్ అంటే సార్ వచ్చినంక అడగండి అన్నరు. సార్ మధ్యాహ్నం దాక రాలే. ఫోన్ ఎత్తలే. మర్నాడు, ఆ మర్నాడు గట్లనే. మూడో రోజు దొరికిండు. మా మాట సగం వినంగనే మూడు ముక్కలు చెప్పిండు, ఒక్కటీ ఉపయోగపడలే.

మొదటిది, వెంటనే ఫ్లైటెక్కించండి, ఐస్ వాళ్లొస్తే సంకెళ్లేసి పంపుతరు అన్నడు. రెండోది, ఉండాలంటే వేరే కాలేజీల డే వన్ సీపీటీ, అంటే చేరిన రోజు నుంచే పని చేసుకోనిచ్చే సీటు ఇప్పిస్తం, సర్వీసు చార్జి 1,800 డాలర్లు, ఫీజు వేరే అన్నడు. రికార్డే రద్దయినామెకు అది కుదురుతదా అని అడిగితే మేం చూసుకుంటం అన్నడు. మూడోది అన్నిటికన్న చెడ్డది. మా బిడ్డ దోస్తు ఒకామె అట్లాంటాల పిల్లలందరు కలిసి వేస్తున్న కేసుల చేరుతున్నది, మేం కూడ చేరుదుమా అని అడిగిన. "ప్రభుత్వం మీద కేసా అంకుల్? పేరు పడ్డదంటే జన్మల వీసా రాదు" అన్నడు. నేను నమ్మిన. వద్దన్న బిడ్డను.

తర్వాత తెలిసింది. ఆ కేసుల ఎవరి పేరూ బయటపెట్టలే. జేన్ డో, జాన్ డో అని మారు పేర్లు పెట్టి వేసిన్రు. 133 మంది పిల్లలు. ఏప్రిల్ 18న అట్లాంటాల ఫెడరల్ జడ్జి వాళ్ల రికార్డులు తిరిగి పెట్టాలె అని ఉత్తర్వు ఇచ్చింది. దోస్తుకు ముందొచ్చింది, మా బిడ్డకు రాలే. ఆ మధ్య రోజులు ఆమె ఒక్కతే ఎట్ల గడిపిందో నాకు చెప్పదు, నేను అడగను. ఆ 1,800 డాలర్ల మాట నేను మన్నిస్త, వ్యాపారం అనుకుంట. కేసుల చేరొద్దని తెలియకుండ తెలిసినట్టు చెప్పిన మాటను మన్నించను.

ఇక్కడ మా ఆర్టీసీ సంగతి ఒకటి చెప్పాలె. మా బిడ్డకు ఏం జరిగిందో నాకు దాని తోనే అర్థమైంది.

ఒకసారి కరీంనగర్ నుంచి వస్తున్న బస్సు. ఎల్కతుర్తి దగ్గర చెకింగ్ వాళ్లెక్కిన్రు. నిండ జనం. హుజూరాబాద్‌ల ఎక్కిన ఒక ముసలామె దగ్గర టికెట్ లేదు. నేను ఇచ్చిన్నని నాకు తెలుసు, ఆమెకు తెల్వదు. సంచి ఇప్పింది, ఒడి దులిపింది. ఇన్‌స్పెక్టర్ సార్ మెమో రాసిండు. బస్సు నంబరు, స్టేజీ పేరు, టైము, ముసలామె చెప్పిన మాట, కింద ఆయన పేరు, సంతకం. నన్ను కూడ రాయుమన్నడు, నేను టికెట్ ఇచ్చిన అని రాసిన. కాగితం నా చేతికి రాబోయే టైముకు ఆమె "అయ్యో కొడుకా" అని కొంగుముడి ఇప్పింది. పది రూపాయల నోటు, దానికి చుట్టిన టికెట్, చెమటకు మెత్తబడ్డది. ఇన్‌స్పెక్టర్ సార్ ఆ టికెట్‌ను వెలుతురుకు పట్టి నంబరు చూసుకొని మెమో అడ్డంగ కొట్టేసిండు. కొట్టేసి ఊకోలే. కొట్టేసిన గీత మీద మళ్లా సంతకం పెట్టి, టైము వేసిండు. "రేపు ఎవరన్న అడిగితే నేను కొట్టేసిన్నని తెల్వాలె కదా" అన్నడు. బస్సు కదిలింది.

చెకింగ్ వద్దని నేను ఏనాడు అనలే. చెకింగ్ లేకపోతే సంస్థ ఉండదు. అమెరికా వాళ్ల దేశం, వాళ్ల గేటు, ఎవరు రావాలె ఎవరు పోవాలె అని చూసుకునే హక్కు వాళ్లకున్నది. చెక్ చేసేటోడు పేరు చెప్పాలె. రాసిన దానికింద సంతకం పెట్టాలె. తప్పని తేలితే అదే చేత్తోని కొట్టేయాలె. మా బిడ్డ కేసు జడ్జి కొట్టేసిండు, కంప్యూటర్‌ల ఎవరూ కొట్టెయ్యలే.

ఏప్రిల్ 29న వాషింగ్టన్ కోర్టుల ఒక అధికారి చెప్పిన లెక్క వింటే నాకు నిద్ర పట్టలే. పది ఇరవై మంది ఉద్యోగులు కూసొని దాదాపు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను పోలీసు రికార్డుల కంప్యూటర్‌ల పెట్టి జల్లెడ పట్టిన్రట. 6,400 పేర్లు తగిలినయట. తగిలిన పేరు ముందట ఏం రాసి ఉన్నది, కేసు ఏమైంది, కొట్టేసిన్రా, శిక్ష పడ్డదా అని ఒక్కొక్కటి చూసిన దిక్కు లేదు. వేల రికార్డులు రద్దు చేసిన్రు. మనుషుల పట్ల ఇంత పట్టింపు లేదా అని ఆ జడ్జమ్మ నిలదీసింది. ఫిర్యాదులొచ్చిన కేసులల్ల 327 తీసి అక్కడి ఇమ్మిగ్రేషన్ వకీళ్ల సంఘం చూస్తే సగం మంది మన భారతీయులే.

అయితే ఇక్కడనే నేను నేర్చుకున్నది ఉన్నది. అంత పెద్ద ప్రభుత్వం కూడ నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఇరవైకి పైగా రాష్ట్రాలల్ల వందకు మించి కేసులు పడ్డయి. ఒక్కొక్క జడ్జి ఒక్కొక్క దిక్కు ఆపుకుంట వచ్చిన్రు. ఆఖరికి ఏప్రిల్ 25న ప్రభుత్వ వకీలే కోర్టుల లేచి రద్దు చేసిన రికార్డులు తిరిగి పెడుతున్నమని చెప్పిండు. మే 22న కాలిఫోర్నియాల జడ్జి కేసులు తేలేదాక పిల్లలను ఇట్ల పట్టుకోవద్దు, రికార్డులు తియ్యొద్దు అని దేశమంతటికి వర్తించేటట్టు ఉత్తర్వు వేసిండు. ఈ కేసులు వేసింది బలమున్నోళ్లు కాదు. మా బిడ్డ వయసు పిల్లలు, వాళ్లకు తోడుగ పైసలు లేకున్న నిలబడ్డ వకీళ్లు. మా బిడ్డ రికార్డు కూడ ఏప్రిల్ 27న తిరిగి లేచింది. వాళ్లు వేసిన కేసు పుణ్యం. మేం చేరలే, మాకు ఫలం వచ్చింది. ఆ సిగ్గు నాకున్నది, దాన్ని దాచను.

కంపెనీ వాళ్లు ఉద్యోగం తియ్యలే. ఎందుకంటే, ముద్ర కొట్టిన ఆ కోర్టు నకలును మా బిడ్డ మొదటిరోజే మేనేజర్‌కు, యూనివర్సిటీ ఆఫీసుకు పంపింది. 19 రోజుల జీతం పోయింది, ఉద్యోగం ఉన్నది. రికార్డు లేచింది గని పాస్‌పోర్టు మీది వీసా లేవలే. అంటే ఇంటికొస్తే మళ్లా కాన్సులేట్ లైన్ల నిలబడాలె, ఇస్తరో ఇయ్యరో. అందుకే అక్క పెండ్లికి రాలే. పెండ్లిల మా బామ్మర్ది మండపం పక్కన రెండు గంటలు చెయ్యి దించకుండ ఫోన్ పట్టుకొని నిలబడ్డడు. అప్పగింతలప్పుడు అటు దిక్కు అర్ధరాత్రి, మా చిన్నది పట్టుచీర కట్టుకొని కూసున్నది.

ఇది నిన్నమొన్న మొదలైంది కాదు, ఒక పార్టీదే అని కూడ నేను అనను. 2011ల కాలిఫోర్నియాల ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మోసపోయిన మన తెలుగు పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన్రు. అప్పుడు మన ప్రభుత్వం ఇది పద్ధతి కాదని బహిరంగంగనే అన్నది. ఆ యూనివర్సిటీ నడిపినామెకు 2014ల 16 ఏండ్ల జైలు పడ్డది. తర్వాత 2019ల ఫార్మింగ్టన్. మిచిగాన్‌ల ఆ యూనివర్సిటీని పెట్టిందే హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లు. పంతుళ్లు లేరు, క్లాసులు లేవు, ఒక ఆఫీసు గది. ప్రభుత్వ వెబ్‌సైట్ల ఆమోదం ఉన్న కాలేజీల లిస్టుల మాత్రం పేరున్నది. 600 మంది దాక చేరిన్రు, దాదాపు అందరు మనోళ్లే. పిల్లలను చేర్పించి కమీషన్ తిన్న ఎనిమిది మంది ఏజెంట్లను పట్టుకొని కేసులు పెట్టిన్రు, ఎక్కువ మందిని జైలుకు పంపిన్రు. వాళ్లు కూడ మనోళ్లే అని రాయడానికి చెయ్యి ఆడుతలేదు, అయినా రాయాలె. అసలు ప్రభుత్వమే వల వేసి పిల్లలను మోసం చేసి పంపించెయ్యడం ఏంది అని ఎలిజబెత్ వారెన్ అనే సెనేటర్ గట్టిగ అడిగింది. ఫీజు కట్టిన ఒక విద్యార్థి అందరి తరఫున వేసిన కేసు నడవొచ్చని 2024 జూన్ల అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. ఐదేండ్లు పట్టింది, అయినా అడిగేటోడికి తలుపు తెరుచుకున్నది.

మన దగ్గర 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌ల మిలిటరీ విమానం దిగి 104 మంది సంకెళ్లతోని వచ్చిన్రని తెలిసినంక మర్నాడు ప్రతిపక్ష ఎంపీలు బేడీలు వేసుకొని పార్లమెంటు ముందు నిలబడ్డరు. అదే రోజు జైశంకర్ గారు రాజ్యసభల లేచి, విమానంల కట్టెయ్యడం 2012 నుంచి ఉన్న పద్ధతే అన్నరు. ఆ జవాబు నాకు సరిపోలే. పద్ధతి ఎప్పటినుంచి ఉన్నదని ఎవరూ అడగలే. మా పిల్లలను కట్టెయ్యొద్దని మీరు చెప్పిన్రా అని అడిగిన్రు. ఎన్నికలప్పుడు మా గల్లీకి వచ్చేటోళ్లను నేను ఇదే అడుగుత, వాళ్లు ఏ పార్టీ అయినా.

అక్కడైతే ఐస్ దాడుల మీద వాళ్ల పౌరులే లేచిన్రు. లాస్ ఏంజిల్స్, షికాగో. షికాగోల జడ్జి ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు ఒంటి మీద కెమెరాలు పెట్టుకోవాలె అని చెప్పింది. 2025 సెప్టెంబర్ల కాలిఫోర్నియా గవర్నర్, మొఖం కప్పుకొని డ్యూటీ చెయ్యొద్దనే చట్టం మీద సంతకం పెట్టిండు. దాని మీద కేంద్రం కోర్టుకు పోయింది. 2026 జనవరిల మినియాపోలిస్‌ల అమెరికా పౌరులే ఇద్దరు ఫెడరల్ ఏజెంట్ల తూటాలకు చనిపోయిన్రు. ఎముకలు కొరికే చలిల వేల మంది బజార్లకొచ్చిన్రు. మన పిల్లల కోసం ఒక్కటే కాదు, వాళ్ల దేశం కోసం వచ్చిన్రు. నేను మా బిడ్డను ఊరేగింపులకు పోనియ్యను, ఆమె కాగితం మీద బతుకుతున్న మనిషి. పోయినోళ్లకు మాత్రం చేతులెత్తి దండం పెడుత.

మళ్లా కన్సల్టెన్సీకి వస్త. ఈ గొడవ అంత అయినంక, 2025 సెప్టెంబర్ల హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చిన వారంల నాకు వాళ్ల మెసేజ్ వచ్చింది. తెలిసినోళ్ల పిల్లలుంటే పంపండి, తలుపులు మూసుకోకముందే అడ్మిషన్ అని. మా బిడ్డ ఎట్లున్నదని ఒక్క మాట లేదు. ఆ రోజే కమిషన్‌కు పోవాలని నిర్ణయించుకున్న.

గల్ఫ్‌కు కూలికి పంపే ఏజెంట్లకు 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉన్నది. లైసెన్సు ఉండాలె, డిపాజిట్ కట్టాలె. జగిత్యాల, కోరుట్ల దిక్కు దొంగ ఏజెంట్లు ఉన్నరు, అయినా కనీసం లైసెన్సు చూపియ్యి అని అడగడానికి ఒక చట్టం ఉన్నది. చదువుకు పంపేటోళ్లు ఆ చట్టం కిందికి రారు. పంజాబ్‌ల 2012లనే ట్రావెల్ ఏజెంట్లతోపాటు ఇసొంటోళ్లకు కూడ లైసెన్సు పెట్టిన్రు. మన దగ్గర అసొంటిది కావాలె. ఎమ్మెల్యేలు, ఎంపీలు ఈ కన్సల్టెన్సీల రిబ్బన్లు కత్తిరించడానికి వస్తరు కదా, ఆ కత్తెర పట్టుకున్నప్పుడే అడగండి. అది వచ్చేదాక ఉన్నది 2019 వినియోగదారుల చట్టం. మనం కట్టిన పైసలు 50 లక్షల లోపుంటే జిల్లా కమిషన్‌లనే వేసుకోవచ్చు. 5 లక్షల దాక ఫీజు కూడ లేదు. కష్టం జరిగిన రెండేండ్ల లోపల వెయ్యాలె. పెద్ద వకీలు అక్కర్లేదు, మనమే పోయి చెప్పుకోవచ్చు. రసీదు లేకున్న బ్యాంకు ఎంట్రీ, వాట్సాప్ మెసేజ్ పనికొస్తయి. నాకున్నవి అవే.

ఈ ఎండకాలం పిల్లలను పంపే తల్లిదండ్రులకు చెప్త. కన్సల్టెన్సీ మెట్లెక్కినప్పుడు యూనివర్సిటీ ర్యాంకు తర్వాత అడగండి. ముందు, లైసెన్సు గడువు ఐ-20తోని ముడిపడి ఉంటదా అని అడగండి. తెల్వదంటే దిగి రండి. ఇల్లు మారితే పది రోజుల్ల చెప్పాలె అనేది వాళ్లకు తెలుసా చూడండి. యూనివర్సిటీల విదేశీ విద్యార్థుల ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు మీ దగ్గర కాగితం మీద రాసిపెట్టుకోండి, మా బిడ్డకు నిజంగ ఫోన్ ఎత్తింది ఆమె ఒక్కతే. పోలీసు ఆపితే మర్యాదగ పేరు చెప్పి, మిగిలింది వకీలు ఉంటేనే మాట్లాడుత అనే హక్కు విదేశీయులకు కూడ అక్కడ ఉన్నదని పిల్లలకు నేర్పండి. ఏ చిన్న కేసు అయినా కొట్టేస్తే ముద్ర ఉన్న నకలు తెచ్చుకొమ్మనండి, ఆన్‌లైన్‌ల ఉన్నదంటే వినకండి. ఇవన్ని నేను ఒక ఏడాదిల, రాత్రులు నిద్ర లేకుండ, మా బిడ్డ, ఆమె దోస్తులు చెప్పంగ నేర్చుకున్న. 48,000 తీసుకున్నోళ్లు రెండు గంటల ఓరియెంటేషన్‌ల పావుగంట తీసి చెప్పాల్సినవి.

పోయిన వారం ఫోన్ చేసిన పిల్ల మర్యాదగనే మాట్లాడింది. "అంకుల్, రివ్యూ తీసేస్తే మీ 48,000 వాపస్ ఇస్తమని సార్ చెప్పిండు" అన్నది. నేను కోపానికి రాలే, ఆమె ఏం చేసింది. "పైసలు తర్వాత చూద్దాం బిడ్డా. మీ సార్‌ను ఒక కాగితం రాయుమను. కేసుల చేరొద్దని చెప్పింది తప్పని రాసి, కింద పేరు రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసి ఇయ్యుమను. అది ఇస్తే నేను కమిషన్‌కు కూడ పోను" అన్న. కొంచెంసేపు సప్పుడు లేదు. "అట్ల ఎవరికీ రాసియ్యరంకుల్" అన్నది. "అడిగి చెప్పు" అన్న.

ఇయ్యాల్టికి ఎనిమిది రోజులు. ఇంకా చెప్పలే.